వాముపువ్వు – ఆవుపొదుగు: ‘రక్షణ’ అను మాటపై ఒక విమర్శ

పశువైద్య పరిశోధన పత్రికలలో గత పదునైదు సంవత్సరములుగా ఒకే అచ్చున పోసినట్టి వ్యాసములు విరివిగా వెలువడుచున్నవి. ఏదో యొక మొక్కనుండి తీసిన శుద్ధపదార్థము ఒకటి, ఆవుపొదుగునుండి తెచ్చి గాజుపళ్లెములో పెంచిన కణములు కొన్ని, ఆ కణములపై వదలిన బాక్టీరియా లేక దాని విషము, ఈ మూడింటిని కలిపి చూతురు. మొక్కపదార్థము చేర్చిన పళ్లెములో కణములు తక్కువగా దెబ్బతిన్నవని లెక్కలతో చూపుదురు. తుదకు “ఈ పదార్థము పొదుగువాపునుండి రక్షణ నీయగలదు” అని వ్రాయుదురు. పసుపులోని కుర్కుమిన్, వాములోని థైమాల్, ద్రాక్షతోలులోని రెస్వెరట్రాల్, ఉల్లిలోని క్వెర్సెటిన్, ఇట్లు ఒకదాని తరువాత ఒకటి ఈ పరీక్షకు వచ్చి నిలిచినవి. ఓడిపోయిన పదార్థమును గురించిన వ్యాసము మాత్రము అరుదుగా కనబడును. ఇది గమనింపదగిన విషయము.

ఇట్టి వ్యాసము దినపత్రికకు చేరువేళకు “పసుపుతో పొదుగువాపు మాయము” అనెడి వార్త యగును. అక్కడనుండి విద్యార్థి వ్యాసరచనలోనికిని, ఉపాధ్యాయుని పాఠములోనికిని వచ్చుటకు ఎంతో కాలము పట్టదు. ఈ పరిశోధనలు తప్పని నేను చెప్పబోవుట లేదు. వానిలో పెక్కు శ్రద్ధతో చేసిన పనులే. నా తగవు ఒక్క మాటతో, అది ‘రక్షణ’. పళ్లెములోని కణమునకు కలిగిన రక్షణ వేరు, పొదుగునకు కలిగిన రక్షణ వేరు, ఆ పాలపై బ్రదుకు రైతునకు కలిగిన రక్షణ వేరు. ఒకదానికి సాక్ష్యము చూపి మరియొకదానిని కోరుట న్యాయము కాదు.

ముందు వ్యాధి సంగతి. ఆవుపొదుగు పైకి ఒకటే సంచివలె కనబడినను లోపల నాలుగు భాగములు. ఒక్కొక్క భాగమునకు ఒక చన్ను, దానికి వేరే పాలనాళములు. ఒక భాగములోని పాలు మరియొక భాగములోనికి పోవు. చన్ను కొననున్న సన్నని రంధ్రమే బాక్టీరియాకు రాజమార్గము. పాలు పితికిన తరువాత కొంతసేపు ఆ రంధ్రము పూర్తిగా మూసుకొనదు; పేడలోనో, పితుకువాని చేతులమీదనో ఉన్న సూక్ష్మజీవి ఆ సమయమున లోపలికి చేరును. 1887లో ఫ్రాన్సు దేశమున నొకార్డ్, మొలరో అను ఇరువురు పశువైద్యులు రోగపు పాలలో గొలుసులుగా ఏర్పడిన స్ట్రెప్టోకాకస్‌ను చూపిరి. నేడు పొదుగువాపు కలిగించు సూక్ష్మజీవులు చాలా తెలిసినవి. మన చర్చకు రెండు చాలును: అబర్డీన్ శస్త్రవైద్యుడు ఆగ్‌స్టన్ 1882లో ద్రాక్షగుత్తిని బట్టి పేరుపెట్టిన స్టాఫిలోకాకస్ కుటుంబమునకు చెందిన ఆరియస్ ఒకటి, ఎషెరిక్ 1885లో వర్ణించిన కోలై రెండవది.

ఈ రెండింటి స్వభావము పూర్తిగా భిన్నము. కోలై దొంగ కాదు, బందిపోటు. దాని పైపొరలోని లైపోపాలీసాకరైడు అను విషపదార్థము తగులగానే పొదుగు ఎఱ్ఱబారి, గట్టిపడి, వేడెక్కును. పాలు నీళ్ళవలె విరిగి పలుకులు పడును. తీవ్రమైనచో ఆవు ఒకటి రెండు దినములలో చనిపోవచ్చును. తేలికైనచో మందు లేకయే నయము కావచ్చును. ఆరియస్ ఇందుకు విరుద్ధము. అది చప్పుడు చేయదు. నాళముల గోడలకు అంటుకొని, కణముల లోపలికే దూరి, చుట్టును నారపొర కట్టుకొన్న చీముగడ్డలలో దాగి నెలల తరబడి ఉండును. పైకి పొదుగు బాగుగనే కనబడుచు పాలు మాత్రము క్రమముగా తగ్గును. రెండు ఆవులు గల కుటుంబమునకు ఒక చన్ను పోవుట యనగా నెలసరి రాబడిలో కొంత శాశ్వతముగా పోవుటయే.

మొక్కల వైపు శాస్త్రజ్ఞులు చూచుటకు కారణము లేకపోలేదు. ఆంటీబయాటిక్ మందు పొదుగులోనికి ఎక్కించిన తరువాత కొన్ని దినములు ఆ పాలు అమ్మరాదు. అమ్మినచో మనుష్యుల శరీరములోనికి మందు పోవుట అటుండ, ఆ పాలు తోడుకొనవు. పెరుగును చేయు బాక్టీరియాను ఆ మందు చంపివేయును. ఇది గృహిణులు కూడ ఎరిగిన పరీక్ష. పైగా ఆరియస్ కణములో దాగినచో పెక్కు మందులు దానిని అందుకొనలేవు. మందులను ఎదిరించు బాక్టీరియా పెరుగుట మరొక భయము. అమెరికాలో 2002లో అమలులోనికి వచ్చిన సేంద్రియ నిబంధనల ప్రకారము ఆంటీబయాటిక్ వాడిన ఆవు పాలను సేంద్రియ పాలుగా అమ్మరాదు. అందుచేత అక్కడి రైతులకు కూడ వేరొక దారి కావలసి వచ్చినది.

ఇక గాజుపళ్లెము. పాలు తయారుచేయు సన్నని సంచులకు లోపలి అస్తరువలె ఒకే వరుసలో ఉండు కణములను ఉపకళా కణములందురు. ఆవునుండి వీనిని తీసి పోషకద్రావణములో పెంచవచ్చును, కాని కొన్ని తరములకు అవి అలసిపోవును. 1991లో కెనడా శాస్త్రజ్ఞులు ఒక కోతి వైరసునకు చెందిన జన్యువును చేర్చి, ఎంతకాలమైనను విభజన చెందుచుండు పొదుగుకణముల వంశమును సిద్ధపరచిరి. దానికి మాక్-టి అని పేరు. నేడు లోకమున పలుచోట్ల ఈ వంశముపైనే ప్రయోగములు జరుగుచున్నవి.

ఈ కణములు కేవలము పాలను తయారుచేయు యంత్రములు కావు, కావలివాండ్రు కూడ. వాని పైపొరలోని గ్రాహకములు బాక్టీరియా పదార్థమును గుర్తుపట్టగానే లోపల ఎన్.ఎఫ్.-కప్పా-బి అను ప్రోటీను కేంద్రకములోనికి పోయి కొన్ని జన్యువులను మేల్కొలుపును. అప్పుడు కణము ఇంటర్‌ల్యూకిన్లు మొదలగు సందేశపదార్థములను విడుదలచేసి రక్తములోని తెల్లకణములను పిలుచును. ఇది ఊరిలో మంటకు మ్రోగించు గంటవంటిది. ఈ పోలికను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు దీనితో పని యున్నది.

ఇపుడు ఒక వ్యాసమును తీసికొని చూతము. చైనాలోని జిలిన్ విశ్వవిద్యాలయ పశువైద్య పరిశోధకులు 2014లో థైమాల్‌పై ఒక వ్యాసము ప్రకటించిరి. థైమాల్ చేర్చినచో స్టాఫిలోకాకస్ ఆరియస్ ఆవుపొదుగు కణములలోనికి ప్రవేశించుట తగ్గుననియు, ఇది ఎన్.ఎఫ్.-కప్పా-బి మేల్కొనకుండ అడ్డగించుటవలన కలుగుననియు వారి సిద్ధాంతము. దీనినే ఎన్నుకొనుటకు కారణము, ఈ తరహా వ్యాసములలో ఇది మెరుగైనది. బలహీనమైనదానిని పట్టుకొని విమర్శించుటలో ప్రయోజనము లేదు.

థైమాల్ మనకు క్రొత్తది కాదు. పచారి కొట్టులో వాముపువ్వు అను పేర అమ్ము తెల్లని పలుకులే అవి. వాముపువ్వు, పుదీనాపువ్వు, కర్పూరము ఈ మూడు ఘనపదార్థములను సీసాలో కలిపినచో కొద్దిసేపటికి నీరుగా కరగును. అమృతధార యని వాడునది అదియే. (మిశ్రమము యొక్క ద్రవీభవన స్థానము విడివిడి పదార్థములకంటె తగ్గుటకు ఇంతకంటె చవకైన ఉదాహరణము రసాయనశాస్త్ర ఉపాధ్యాయునకు దొరకదు.) మొదటి ప్రపంచ యుద్ధమునకు పూర్వము మన దేశపు వాముగింజలు జర్మనీకి ఎగుమతియై అక్కడ థైమాల్ తయారగుచుండెడిది. పది కార్బన్, పదునాలుగు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువులుగల ఈ ఫినాల్ బాక్టీరియా పైపొరలో దూరి దానిని సడలించునని చాలకాలముగా తెలిసినదే.

జిలిన్ వ్యాసములో వాడిన తరహా పద్ధతి తెలివైనది, దానిని విద్యార్థులు తెలిసికొనవలెను. కణముల లోపలికి పోయిన బాక్టీరియాను లెక్కించుట ఎట్లు? పైనున్న వానిని లోపలివానినుండి వేరుచేయుట ఎట్లు? జెంటామైసిన్ అను ఆంటీబయాటిక్ జంతుకణములలోనికి సులభముగా పోలేదు. కణములను, బాక్టీరియాను కొంతసేపు కలిపి యుంచి, తరువాత జెంటామైసిన్ పోసినచో బయట మిగిలిన బాక్టీరియా చచ్చును. లోపల దాగినవి బ్రదుకును. పిదప మందును కడిగి, కణములను పగులగొట్టి, లోపలి ద్రవమును పోషకపు జెల్లీపై పూసినచో ఒక్కొక్క బ్రదికిన బాక్టీరియా ఒక్కొక్క చుక్కగా పెరుగును. ఆ చుక్కలను లెక్కించుటయే. ఆరియస్ పొదుగుకణములలోనికి ప్రవేశించునను సంగతిని 1996లో అమెరికా పరిశోధకులు చూపినప్పటినుండి ఈ తరహా లెక్క వాడుకలో నున్నది. బాక్టీరియాను ప్రత్యక్షముగా లెక్కించిన వ్యాసము కనుక దీనికి విలువ యున్నది.

కాని ఒక ప్రశ్న వెంటనే కలుగును. లోపల చుక్కలు తగ్గుటకు రెండు కారణము లుండవచ్చును. కణము తలుపు మూసికొని యుండవచ్చును. లేదా థైమాల్ తాకిన బాక్టీరియా బలహీనపడి తలుపు తట్టలేక పోయి యుండవచ్చును. ఆరియస్ తన పైనున్న కొన్ని ప్రోటీన్లతో ఫైబ్రోనెక్టిన్ అను పదార్థమును పట్టుకొని, దానిని వంతెనగా చేసికొని కణమునకు అంటును. బాక్టీరియా పైపొరను సడలించు పదార్థము ఆ వంతెనను కూల్చినదా, కణమునే మార్చినదా? మొదటిదైనచో దానిని ‘క్రిమినాశనము’ అనవలెను. రెండవదైనచో ‘కణరక్షణ’ యనవచ్చును. దీనిని తేల్చుటకు దారి యున్నది. కణములను థైమాల్‌లో ఉంచి, తరువాత శుభ్రముగా కడిగివేసి, అప్పుడు బాక్టీరియాను వదలవలెను. మరియొక పళ్లెములో బాక్టీరియాను మాత్రమే థైమాల్‌లో ఉంచి కడిగి, మామూలు కణములపై వదలవలెను. ఈ రెండు పళ్లెములను ప్రక్కప్రక్కన పెట్టిన వ్యాసములు ఈ రంగమున చాల తక్కువ. మొక్కపదార్థము ‘రక్షించినది’ అనువానిని మొట్టమొదట అడుగవలసినది ఇదియే.

రెండవది, కాలక్రమము. ఈ తరహా ప్రయోగములలో అధికభాగమున మొక్కపదార్థమును ముందు పోసి, గంటకో కొన్ని గంటలకో బాక్టీరియాను వదలుదురు. పొలములో జరుగునది దీనికి తలక్రిందులు. పాలలో పలుకులు కనబడిన తరువాతనే రైతు మందుకై పరుగెత్తును. ముందుగా ఇచ్చిన పదార్థము పనిచేసిన దనగా అది నివారణకు పనికివచ్చునేమో యని ఊహింపవచ్చును గాని చికిత్సకు పనికివచ్చునని కాదు. నివారణ యన్నచో ప్రతిదినము రెండు పూటల, ఆవు పాలిచ్చు పది నెలలును ఆ పదార్థము పొదుగులో నుండవలెను. ఈ లెక్క వ్రాసిన వ్యాసము నా కంటబడలేదు.

మూడవది మన గంట పోలిక. ఎన్.ఎఫ్.-కప్పా-బి తగ్గినది, ఇంటర్‌ల్యూకిన్లు తగ్గినవి, కనుక వాపు తగ్గును, కనుక మేలు – ఇది ఈ వ్యాసముల తర్కము. గంట మ్రోగుట తగ్గినదన్నచో మంట ఆరినదని అర్థమా, కావలివాడు నిద్రపోయినాడని అర్థమా? కోలై విషయమున వాపే ఆవును చంపునంత తీవ్రమగును గాన గంటను కొంత తగ్గించుట నిజముగా మేలు చేయవచ్చును. ఆరియస్ విషయమున అట్లు కాదు. అది అసలే గంటను చాల మెల్లగా మ్రోగించు జీవి. దానిని వెదకి మ్రింగవలసిన తెల్లకణములు సందేశము అందినగాని రావు. ఆ సందేశమునే అణచు పదార్థము పళ్లెములో కణమును కాపాడినను, పొదుగులో శత్రువునకు సాయపడవచ్చును. పళ్లెములో ఈ తేడా ఎన్నటికిని కనబడదు. ఏలననగా పళ్లెములో తెల్లకణములే లేవు. పిలువబడవలసినవారు లేనిచోట పిలుపు ఆగుట నష్టముగా తోచదు. కొన్ని వ్యాసములలో బ్రదికిన బాక్టీరియాకు బదులు లైపోపాలీసాకరైడు మాత్రమే వాడుదురు. విషము పెరగదు, దాగదు, పిల్లలను పెట్టదు. దానిని తట్టుకొనుట వ్యాధిని తట్టుకొనుట కాదు. ఇట్టి వ్యాసమునకు ‘బాక్టీరియా సంక్రమణనుండి రక్షణ’ అను శీర్షిక పెట్టుట నా దృష్టిలో క్షమింపరానిది.

నాలుగవది, పాలు. పళ్లెములోని ద్రావణము నీటివంటిది. పొదుగులో నున్నది పాలు. అందు వెన్న యున్నది, కేసీన్ ప్రోటీను ఉన్నది. థైమాల్ నీటిలోకంటె కొవ్వులో ఎక్కువగా కరగును. నీటిలో ఒక మోతాదున చంపిన బాక్టీరియాను పాలలో చంపుటకు సుగంధతైలముల మోతాదు చాల పెంచవలసి వచ్చునని ఆహారశాస్త్రజ్ఞులు ఎరుగుదురు. ఇక్కడ చిన్న లెక్క చేయుదము. పళ్లెములో మిల్లీలీటరునకు 50 మైక్రోగ్రాముల థైమాల్ చాలినదనుకొందము. అనగా లీటరునకు 50 మిల్లీగ్రాములు. ఒక భాగములో 3 లీటర్ల పాలున్నచో 150 మిల్లీగ్రాములు కావలెను. ఇది చిటికెడు మాత్రమే. చన్నుద్వారా ఎక్కించినచో అసాధ్యము కాదు. ఈ విషయమున పరిశోధకుల ఆశ వట్టిది కాదని ఒప్పుకొనవలెను. కాని దానినే నోటిద్వారా ఇచ్చి అదే గాఢతను తేవలెనన్నచో? 400 కిలోల ఆవులో సుమారు 240 లీటర్ల నీరుండును. అంతటను ఆ గాఢత నిలుపుటకు 12 గ్రాములు, అదియు కాలేయము దానిని ఏమాత్రము మార్చకున్నచో. కాలేయము ఊరకుండదు. క్వెర్సెటిన్ వంటివైనచో కాలేయమువరకు పోనక్కరలేదు. ఆవు మొదటి కడుపులోని సూక్ష్మజీవులే వానిని చీల్చివేయును. చన్నుద్వారా ఎక్కించినదియు నిలుచుట కష్టమే. ఒక లీటరు పాలు తయారగుటకు పొదుగుగుండ సుమారు 400 నుండి 500 లీటర్ల రక్తము ప్రవహించును. ఆ ప్రవాహము కొంత కడిగివేయును, మిగిలినది పూటపూటకు పాలతో చెంబులోనికి పోవును. థైమాల్ గల మూలికామందును పొదుగులోనికి ఎక్కించి పాలలోను రక్తములోను దాని జాడను కొలిచిన పని 2011లో అమెరికాలో ప్రకటితమైనది. ఇట్టి పని వంద పళ్లెములకంటె విలువైనది, కాని వార్తకెక్కదు.

కొన్ని మొక్కపదార్థములు కొలతసాధనమునే మోసగించును. కణములు బ్రదికి యున్నవా లేదా యని చూచుటకు ఎం.టి.టి. అను పసుపురంగు పదార్థమును కలుపుదురు. బ్రదికిన కణము దానిని క్షయకరణము చేసి ఊదారంగుగా మార్చును. ఊదా ఎంత చిక్కనైనచో అంత ఎక్కువ కణములు బ్రదికినట్లు లెక్క. మంచి యుక్తియే. కాని పెక్కు మొక్కఫినాళ్లు తామే క్షయకరణులు. కణము ఒక్కటియు లేకున్నను అవి ఆ రంగును పుట్టించగలవు. కణములు లేని గుంటలో పదార్థమును, రంగును మాత్రము కలిపి చూచినారా యని అడుగవలెను. ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ అడుగదగిన ప్రశ్న ఇది. ‘కంట్రోలు’ అను మాటను మా తరగతులలో బట్టీపట్టించుచున్నాము; దాని అర్థము ఇట్టిచోటనే తెలియును.

కుర్కుమిన్ కథ ఇంకను చిత్రము. దేహపు వేడిలో, దేహద్రవముల ఆమ్లత గల నీటిద్రావణములో అరగంటలో నూటికి తొంబది పాళ్లు అది విచ్ఛిన్నమగునని 1997లో ఒక పరిశోధన చూపినది. అది స్వయముగా కాంతిని వెలార్చును, ప్రోటీన్లకు అంటుకొనును, గుంపుకట్టును. కనుక పరీక్షలలో లేని ఫలితమును ఉన్నట్లు చూపుటలో పేరుపొందినది. 2017లో అమెరికా ఔషధరసాయన పత్రికలో ప్రకటితమైన ఒక దీర్ఘసమీక్ష ఈ లోపములన్నింటిని ఎత్తిచూపినది. పసుపుపై మనకున్న గౌరవము వేరు, కుర్కుమిన్ కొలతపై ఉండవలసిన జాగ్రత్త వేరు.

ఈ సందర్భమున మన దేశమున జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ ప్రచారము చేయుచున్న పొదుగువాపు లేపమును ప్రస్తావింపవలెను. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నము 15 గ్రాములు కలిపి నూరి పొదుగుపై దినమునకు పలుమారులు పూయుదురు. ఇది తమిళనాట పశువైద్య ఆచార్యులు సంప్రదాయ వైద్యమునుండి కూర్చిన యోగము. చవకైనది, రైతునకు అందుబాటులో నున్నది, పాలను పారబోయనక్కరలేదు. పొదుగును కడిగి, పూర్తిగా పితికి, పలుమారులు పూయుట యను క్రమములోనే కొంత మేలున్నదని నా అభిప్రాయము. అయితే ఈ లేపమునకు సాక్ష్యముగా కొందరు పళ్లెములోని కుర్కుమిన్ వ్యాసములను ఉదహరింతురు. ఇది సరికాదు. పసుపును సున్నముతో కలిపినచో ఎఱ్ఱని పారాణి రంగు వచ్చునని ప్రతి తెలుగు ఇంటను తెలియును. ఆ రంగుమార్పే క్షారములో కుర్కుమిన్ రూపము మారినదనుటకు గుర్తు. క్షారములో అది మరింత త్వరగా విచ్ఛిన్నమగును కూడ. చర్మముపై పూసిన ఎఱ్ఱని లేపమునకు, లోపలి కణములపై పోసిన పచ్చని ద్రావణము సాక్షి కాజాలదు. లేపము మంచిదో కాదో లేపము పూసిన ఆవులును, పూయని ఆవులును మాత్రమే చెప్పగలవు. పూయని ఆవులేల యనగా, తేలికపాటి కోలై వ్యాధి తనంతట తానే తగ్గునని పైన చెప్పితిని. నాలుగు దినములలో తానే తగ్గు వ్యాధికి ఏది పూసినను నాలుగు దినములలో తగ్గును. తీవ్రమైన కోలై వ్యాధిలో ఆ నాలుగు దినములు వేచియుండుట ఆవు ప్రాణము మీదికి వచ్చును. జ్వరముతో మేత మానిన పశువునకు వైద్యుని పిలువకుండ లేపముతో సరిపుచ్చుట ఎవరు చెప్పినను వినరాదు.

పూర్వులు పరీక్షనాళికనుండి ఆవు వరకు ఎట్లు నడచిరో ఒకసారి చూడదగును. రెనె డ్యూబో అను శాస్త్రజ్ఞుడు 1939లో నేలలోని ఒక బాక్టీరియానుండి గ్రామిసిడిన్ కలిసిన పదార్థమును తీసెను. అది పరీక్షనాళికలో స్ట్రెప్టోకాకస్‌ను చంపినది. కాని రక్తములోనికి పోయినచో ఎఱ్ఱకణములను పగులగొట్టును గాన సూదిమందుగా పనికిరాదు. అంతటితో విడువక, రక్తములోనికి పోకుండ ఒకచోట నిలుచు అవయవము ఏదియని ఆలోచించి, పొదుగువాపు గల ఆవులపై ప్రయోగించి చూచిరి. ఒకటి రెండేండ్లలోనే ఫలితములు తేలినవి. పనికి వచ్చుచోటును, రానిచోటును కూడ ఆవే చెప్పినది. పళ్లెమునుండి పళ్లెమునకే పదునైదేండ్లు తిరుగుచున్న నేటి పరిశోధనకును దీనికిని గల తేడా పాఠకులే గ్రహింపగలరు. ఆవుపై ప్రయోగము ఖర్చుతో కూడినదనుట నిజమే. మధ్యమెట్టుగా చుంచెలుక పొదుగును వాడు పద్ధతి 1970 ప్రాంతమునుండి ఉన్నది. కాని చుంచెలుక పాలిచ్చు తీరు వేరు, దానిని దినమునకు రెండు పూటల ఎవరును పితుకరు.

ఇంకొక మాట. పొదుగువాపును అన్నింటికంటె ఎక్కువగా తగ్గించినది ఏ క్రొత్త మందును కాదు. 1960 దశకమున ఇంగ్లండులోని రీడింగ్ పాడిపరిశోధన సంస్థవారు ఐదు పనులతో ఒక పథకము రూపొందించిరి. అందు ప్రధానమైనది, పితికిన వెంటనే ప్రతి చన్నును క్రిమినాశక ద్రావణములో ముంచుట. మూలికాపదార్థములకు నిజమైన తావు ఇక్కడ ఉండవచ్చునని నాకు తోచును. చన్ను ముంచు ద్రావణములో పాలు లేవు, వెన్న లేదు, కాలేయము లేదు, కడుపు లేదు. పళ్లెములో గెలిచిన థైమాల్ ఇక్కడ గెలుచుటకు అడ్డంకులు తక్కువ. ఈ దిశగా పరిశోధకులు అంతగా ఉత్సాహము చూపకపోవుట ఆశ్చర్యము. బహుశా జన్యువులు, గ్రాహకములు లేని పని పత్రికలకు చిన్నదిగా తోచునేమో.

పాఠశాలలో చేసి చూపదగినదొకటి కలదు. బట్టలుతుకు పొడిని నీటిలో నూటికి మూడు పాళ్లు కలిపి, అంతే పరిమాణపు పాలను దానిలో పోసి గిన్నెను మెల్లగా త్రిప్పవలెను. పాలలో తెల్లకణములు మిక్కుటమైనచో సబ్బు వానిని పగులగొట్టును, వాని కేంద్రకములలోని డి.ఎన్.ఎ. బయటపడి మిశ్రమము జిగటగా గట్టిపడును. 1957లో షాల్మ్, నూర్లాండర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన కాలిఫోర్నియా పరీక్షకు ఆధారము ఇదియే. ఆరోగ్యవంతమైన భాగపు పాలలో మిల్లీలీటరునకు 2 లక్షలకు తక్కువగా కణములుండును. పైకి రోగము కనబడని ఆవులలో కూడ ఒక్కొక్క చన్ను పాలు విడివిడిగా పరీక్షించినచో ఏదో యొక చన్ను పట్టుబడుట అరుదు కాదు. నాలుగు చన్నులు నాలుగు వేర్వేరు గదులనుటకు ఇంతకంటె ప్రత్యక్షపాఠము లేదు. పరీక్షించిన పాలను మాత్రము పారబోయవలెను.

ఆ నాలుగు గదులే పరిశోధకునకు ప్రకృతి యిచ్చిన కంట్రోలు కూడ. ఒకే ఆవు, ఒకే మేత, ఒకే పితుకువాడు. రెండు భాగములలో రోగమున్నచో ఒకదానికి మందు ఎక్కించి, రెండవదానికి మందు లేని తైలము ఎక్కించవచ్చును. ఏది దేనికో పాలు పరీక్షించువానికి తెలియకుండ ఉంచవలెను. మందు రక్తముద్వారా రెండవ భాగమునకు పాకవచ్చును గనుక, ఏమియు ఎక్కించని వేరే ఆవులను కూడ మందలో ఉంచుట మంచిది. అమెరికా సేంద్రియ పశుశాలలకై మూలికామందులను పరీక్షించి 2014లో వ్యాసము ప్రకటించినవారు మామూలు ఆంటీబయాటిక్ ఇచ్చిన గుంపునే గాక ఏ మందును ఇవ్వని గుంపును కూడ ఉంచిరి; వారిది సరియైన పద్ధతి. వాముపువ్వునకు అట్టి పరీక్ష ఆరియస్‌పై పెట్టినచో, మందు ముగిసిన రెండు వారములకు ఒకసారి, నాలుగు వారములకు మరియొకసారి పాలు తీసి బాక్టీరియాను పెంచి చూడవలెను. ఒక్క పర్యాయము కనబడనంత మాత్రమున లెక్కకు తీసికొనరాదు. ఆరియస్ పాలలోనికి ప్రతిదినము రాదు. కొన్ని దినములు వచ్చి, కొన్ని దినములు గోడలలోనే ఉండిపోవును.